చుట్టూ తిరిగే మోటారు

ఆ అన్నదమ్ములు విడిపోయింది ఆస్తి దగ్గర కాదు, యాంటెన్నా దగ్గర.

ఉత్తరాన ఉన్న టీవీ స్టేషన్‌లో కుస్తీలు వస్తాయి. తూర్పున ఉన్న స్టేషన్‌లో పాటలు వస్తాయి. టైలరు అన్నకి కుస్తీ అంటే ప్రాణం. బస్సు డ్రైవరు తమ్ముడికి పాటలంటే ప్రాణం. ఒక ఆదివారం అన్న డాబా ఎక్కి యాంటెన్నాని ఉత్తరానికి తిప్పి దిగాడు. తమ్ముడు ఎక్కి తూర్పుకి తిప్పి దిగాడు. కాసేపటికి ఇద్దరూ ఒకేసారి ఎక్కారు. మాటా మాటా పెరిగింది.

"మళ్ళీ నీ గడప తొక్కితే ఒట్టు!" అన్నాడు తమ్ముడు.

"తొక్కనిస్తే కదా!" అన్నాడు అన్న.

సామాన్లు పంచుకునే రోజున తోడికోడళ్ళిద్దరూ వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకున్నారు. చాలాసేపు గిన్నెల చప్పుడు వీధిలోకి వినిపించింది. బయటికొచ్చాక ఎడమొహం, పెడమొహం. చిన్నకోడలికి అప్పుడు మూడో నెల. వెళ్ళొస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయింది.

"మా ఆవిడకి నాకంటే పౌరుషం ఎక్కువ" అని అన్న నలుగురిలో గొప్పగా చెప్పుకున్నాడు.

తమ్ముడి కాపురం వెనక వీధిలో. అన్న వంటింటి కిటికీలోంచి చూస్తే, వాళ్ళ డాబా మీది యాంటెన్నా ఒక్కటే కనిపిస్తుంది.

నెల తిరక్కుండానే పెద్దకోడలు మొదలుపెట్టింది.

"ఏమండీ, మీ తమ్ముడు యాంటెన్నాకి మోటారు పెట్టిస్తున్నాడట. ఇంట్లో కూర్చుని మీట తిప్పితే చాలు, పైన అదే తిరుగుతుందట. మీరు మాత్రం మెట్లెక్కుతూ ఆయాసపడండి."

అన్న మెడలో టేపు కూడా తియ్యకుండా షాపుకి బయల్దేరాడు. వెనకే పెద్దకోడలు.

షాపాయన యాంటెన్నా బరువెంతో అడిగాడు. డాబా మీద గాలి ఏమాత్రం కొడుతుందో అడిగాడు. ఒక చిన్న మోటారు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మనకున్నవి రెండే స్టేషన్లు. ఇది ఆ రెంటి మధ్యా తిరుగుతుంది. మీకు ఇది చాలు."

"చుట్టూ తిరిగేది లేదా?" అంది పెద్దకోడలు.

"ఎందుకు లేదమ్మా, ఉంది. కానీ దక్షిణాన బీడు, పడమట కొండ. అటు తిప్పితే తెర మీద చుక్కలు తప్ప బొమ్మ రాదు."

"రేప్పొద్దున కొండ మీద స్టేషను పెట్టరని ఏముంది?"

షాపాయన తల గోక్కున్నాడు. "మీ తమ్ముడుగారి భార్య కూడా నిన్న అచ్చం ఇదే మాట అన్నారండీ. పట్టుబట్టి చుట్టూ తిరిగేదే కొనిపించారు."

అన్న మీసం లేచింది. "అయితే దానికంటే పెద్దది చూపించు!"

"పెద్దదేం వద్దు" అంది పెద్దకోడలు. "ఎక్కడ ఆపితే అక్కడ కచ్చితంగా ఆగాలి. అది చూడండి చాలు."

మోటారు బిగించారు. టీవీ పక్కన ఒక డబ్బా, దాని మీద గుండ్రటి మీట, మీట చుట్టూ దిక్కులు. తిప్పగానే పైన యాంటెన్నా గుర్రుమంటూ అటు తిరుగుతుంది. అన్న మొదటి రోజంతా చిన్నపిల్లాడిలా ఆ మీట వదల్లేదు.

ఆ తర్వాత దాన్ని పెద్దకోడలు వదల్లేదు. పొద్దున్నే తమ్ముడి యాంటెన్నా ఉత్తరానికి తిరిగితే, ఈవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి తమదీ ఉత్తరానికి తిప్పేది. మధ్యాహ్నం అది తూర్పుకి తిరిగితే ఇదీ తూర్పుకే.

"టీవీ కట్టేసి ఉంటే యాంటెన్నా తిప్పడం ఏమిటే?" అన్నాడు అన్న.

"వాళ్ళు తిప్పుతుంటే మనం చేతులు ముడుచుకుని కూర్చోవాలా?"

"అదీ పౌరుషమంటే!" అని మురిసిపోయాడు అన్న.

కానీ నెలలు గడిచేకొద్దీ ఆ పౌరుషమే ఆయనకి ముల్లులా గుచ్చుకోసాగింది.

"ఆ పిల్లకి తొమ్మిదో నెలట" అన్నాడు ఒకరోజు, సూదిలో దారం ఎక్కిస్తూ. "తల్లి కూడా లేదు. వాడు బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టాకే రావడం. ఒక్కత్తీ ఇంట్లో... నొప్పులొస్తే ఎవరికి చెప్పుకుంటుంది?"

"నాకేం తెలుసు?" అంది పెద్దకోడలు, డబ్బా మీది దుమ్ము తుడుస్తూ.

ఇంత రాతిగుండె ఏమిటా అని అన్న మొదటిసారి భార్యని చూసి బాధపడ్డాడు. తనే వెళ్దామని రెండుసార్లు చెప్పులేసుకున్నాడు. పంతం అడ్డొచ్చి రెండుసార్లూ విప్పేశాడు.

తర్వాతి ఆదివారం కుస్తీ మంచి పట్టులో ఉంది. వంటింట్లో గరిటె కింద పడిన చప్పుడైంది. పెద్దకోడలు కిటికీ దగ్గర్నుంచి ఒక్క ఉదుటున వచ్చి, తలుపు వెనక సర్దిపెట్టిన సంచీ అందుకుని, చెప్పులైనా లేకుండా వీధిలోకి పరుగెత్తింది.

"ఎక్కడికే?"

"మీ తమ్ముడింటికి! మీరు ఆటో తీసుకుని రండి, త్వరగా!"

ఏమీ అర్థం కాకపోయినా అన్న కూడా పరుగెత్తాడు. ఆ పరుగులో పంతం సంగతే గుర్తు రాలేదు.

కబురందుకుని తమ్ముడు ఖాకీ చొక్కాతోనే ఆస్పత్రికి వచ్చేసరికి, వరండాలో అన్న మెడలో టేపుతో, ఒళ్ళో పాపాయితో కూర్చుని ఉన్నాడు.

"అన్నయ్యా..." తమ్ముడు చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగానీ, ముందు మెడ కింద చెయ్యి పెట్టి ఎత్తుకోరా."

"ఇంకాస్త ఆలస్యమైతే చాలా కష్టమయ్యేదన్నారు డాక్టరమ్మ. అసలు మీకెవరు చెప్పారన్నయ్యా?"

అన్న గదిలోకి తొంగి చూశాడు. పెద్దకోడలు చిన్నకోడలి జుట్టు సవరిస్తోంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాపుకుంటున్నారు.

విడిపోయిన రోజున వంటింట్లో తలుపేసుకుని, వీధికి గిన్నెల చప్పుడు వినిపిస్తూ, తోడికోడళ్ళిద్దరూ దిక్కులు పంచుకున్నారు: ఉత్తరమంటే "బాగున్నానక్కా", తూర్పంటే "నువ్వు గుర్తొస్తున్నావు", బొమ్మే రాని కొండవైపంటే "పరుగెత్తుకురా".