చెరగని రంగు

"దవడ ఎక్కణ్ణుంచి వచ్చిందండీ? నేను రాసింది ఎడమ చెయ్యి కదా!"

మంచం మీది మనిషి కళ్ళు తెరవలేదు. అరచేత్తో దవడ అదిమి పట్టుకుని, "ఇక్కడిదాకా లాగుతోందమ్మా" అన్నాడు.

జూనియర్ డాక్టరుకు ఒళ్ళు మండింది. ఇంకాసేపట్లో ఆసుపత్రి మేడ మీది ఈ గదిలో వైద్య విద్యార్థులకు ప్రాక్టికల్ పరీక్ష. రోగుల బదులు నటులు మంచాలెక్కుతారు. విద్యార్థులు వాళ్ళను ప్రశ్నించి జబ్బేమిటో పోల్చుకోవాలి. ఆ నటుల మాటలు రాసింది ఆమే. వాళ్ళ ముఖాలకు రంగులు పూయవలసిందీ ఆమే. "ఒక్క తేడా వచ్చిందా, నీ కలమూ కుంచే బీరువాలో పెట్టి తాళంచెవి నా చేతికివ్వాలి. నీ శిక్షణ పూర్తయ్యాకే తిరిగి తీసుకోవడం" అని ప్రొఫెసరు పొద్దున్నే తేల్చి చెప్పాడు. ఆమె సరేనంది. అనక తప్పలేదు.

గుండెనొప్పి వేషానికి ఈసారి కొత్త మనిషిని పంపుతామని నాటక సమాజం వాళ్ళు చెప్పారు. తీరా ఆమె రంగుల పెట్టెతో గదిలోకి వచ్చేసరికి, చొక్కా గుండీలు విప్పుకుని ఈయన అప్పటికే పడుకుని ఉన్నాడు.

"సరే, మొదట్నుంచీ చెప్పండి. నొప్పెప్పుడు మొదలైంది?"

"మెట్లెక్కుతుంటే..."

"మెట్లు కాదు. తోటలో మొక్కలకు నీళ్ళు పోస్తుంటే."

"మా చెల్లెలికి కబురు చెప్పమ్మా."

"చెల్లెలు కాదండీ బాబూ, కూతురు! అసలు మీకిచ్చిన కాగితాలు చదివారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపులో ఒక అలసట ఉంది. బాగా చేస్తున్నాడని ఆమె ఒప్పుకోక తప్పలేదు. అందుకే అనుమానం ఇంకా పెరిగింది.

మెట్లు, దవడ. ఈ రెండు మాటలూ ఆమె నిన్ననే విన్నది, క్యాంటీన్‌లో, టాపరు నోట. అందరూ టాపరని పిలిచే ఆ సహాధ్యాయి ఆమె రాసిన కాగితాలు తిరగేసి, "గుండెనొప్పంటే మెట్లెక్కించు, దవడ లాగించు. తోటలూ పువ్వులూ ఎందుకు? జబ్బులు నీ కథల్లా నడవవు" అని నవ్వాడు. అంటే నవ్వి ఊరుకోలేదన్నమాట.

ఆమె వంగి చూసింది. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా నిలిచి ఉంది. ఆ చెమట కోసం ఆమె గ్లిజరిన్ నీళ్ళు కలిపి తెచ్చింది. సీసా మూత ఇంకా తియ్యనేలేదు. ఇక పెదవుల మీద నీలం. బూడిద తెలుపులోకి ఒదిగిపోయిన ఆ నీలం కోసం ఆమె వారం రోజులుగా రంగులు కలుపుతూనే ఉంది. ఒకసారి సిరా మరకలా వచ్చేది, ఒకసారి నేరేడుపండు తిన్నట్టు. ఇప్పుడు ఎవరో అవలీలగా పూసి పెట్టారు. తాను ఊహించిన దానికన్నా నిజంగా కనిపించేది ఎదురైతే ఆనందించాలి కదా, ఎందుకింత మంట, అని ఒక్క క్షణం తనను తానే ప్రశ్నించుకుంది.

"గంట కొట్టమంటారా మేడమ్?" తలుపులోంచి తల పెట్టి టాపరు వెక్కిరింపుగా అడిగాడు.

"ఈయనకు రంగు వేసింది నువ్వేనా?"

"నేనా! నాకు పుర్రె గీస్తే గుమ్మడికాయ వస్తుంది."

"మరి ఈ మాటలు? మెట్లు, దవడ?"

టాపరు గడప దగ్గర్నుంచే మంచం వైపు చూశాడు. "చూశావా! ఆయనకు కూడా నా మాటే నచ్చినట్టుంది. ఎక్కడ పట్టావు ఈయన్ని? అచ్చం అలాగే చేస్తున్నాడు."

"నాటకాలాడకు."

"నాటకాలు నీ శాఖ తల్లీ, నన్నొదిలెయ్!" అంటూ వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు చాలు. ఆమె మంచం వైపు తిరిగింది. "మీకెవరు నేర్పారో చెప్పండి. మిమ్మల్నేమీ అనను."

"నిజంగానే నొప్పమ్మా... నమ్ము."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ప్రతి నటుడి కాగితం మీదా మొదటి సూచనగా ఆమే రాసింది: 'ఎవరేమన్నా, నేనే వచ్చి అడిగినా, వేషంలోంచి బయటికి రావద్దు. నొప్పి నిజమేననండి.' ఆ ఒక్క సూచనను మాత్రం పొల్లుపోకుండా పాటిస్తున్నాడు.

"సరే, మీరు చెప్పకపోతే మానెయ్యండి. ముందీ రంగు తీసేసి నా రంగు వేస్తాను."

తడిపిన దూదితో పెదవులు తుడిచింది. దూది తెల్లగానే వచ్చింది. టాపరు నీళ్ళకు చెరగని రంగు వాడాడన్నమాట. ఎంత ముందుచూపు! స్పిరిట్‌లో ముంచి ఈసారి గట్టిగా రుద్దింది. ఆమె మణికట్టును పట్టుకోబోయిన ఆయన చెయ్యి మధ్యలోనే ఆగి, మంచం పక్కకు జారి వేలాడింది. ఇది కూడా ఆమె రాయలేదు.

బయట గంట మోగింది. తలుపు తోసుకుని, ఆమె రాసిన కాగితాలు చేత్తో పట్టుకుని, రొప్పుతూ ఒకాయన లోపలికి వచ్చాడు.

"క్షమించాలి మేడమ్, బస్సు దొరకలేదు. గుండెనొప్పి వేషం నాదేనండి. ఏ మంచం మీద పడుకోమంటారు?"