ఆఖరి లైను

ఆ పొద్దున ఆకాశం తడి గోనెసంచిలా వేలాడుతోంది. కురవదు, విడవదు.

ప్రింటరు ముందు కూర్చున్న కోడలికి దాని వంక చూసే తీరిక లేదు.

నల్ల ఇంకు పడటం లేదు.

ముందురోజు సాయంత్రం తనే సిరంజితో కార్ట్రిడ్జిలో ఇంకు నింపింది. ఒలకకుండా పైన టేపు కూడా గట్టిగా అంటించింది. పొద్దున పరీక్షకు తీసిన మొదటి పేజీ బాగానే వచ్చింది. రెండోదాని నిండా గీతలు. మూడోసారి తెల్లకాగితం లోపలికెళ్లి తెల్లకాగితంగానే బయటికొచ్చింది. క్లీనింగు మీట నాలుగుసార్లు నొక్కింది. ఉన్న ఇంకులో సగం ఆ కడుగుడుకే పోయింది.

పదిన్నరకు లేబరాఫీసులో వాయిదా. అదే ఆఖరిది.

ఆమె మొగుడు అచ్చు ప్రెస్సులో మిషను మీద పనిచేసేవాడు. కుడిచేతి నాలుగు వేళ్లు ఆ మిషనే తీసుకుంది. పని తొందరగా అవుతుందని ఇనప మూత తీయించి నడిపించింది ఓనరేనని మొగుడంటాడు. మూత వాడే తీసుకున్నాడు, తప్పు వాడిదేనని ఓనరంటాడు. కళ్లారా చూసినవాడు ఒక్కడే, పక్క మిషను మీద పనిచేసే మనిషి. మర్నాటి నుంచి అతను అజా అయిపూ లేడు. రెండేళ్లుగా మొగుడు వెతకని చోటు లేదు. ఇంట్లో ఆడవాళ్లెవరూ అతని మొహం ఎరగరు.

మొగుడు తెల్లారకముందే వెళ్లి వకీలు దగ్గర కూర్చున్నాడు. వకీలు చెప్పిన అర్జీ టైపు చేసి మూడు కాపీలు పట్టుకెళ్లడం ఆమె వంతు. షాపులు పదింటికి గానీ తెరవరు. పక్కింటామె ఇచ్చిన నంబరుకు ఫోను చేస్తే, ఇంకు నింపే మనిషి ఇదుగో బయల్దేరుతున్నానన్నాడు.

ఎనిమిదిన్నరకు తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఒక పెద్దాయన. మాసిన చొక్కా, నిద్రలేని కళ్లు. ఆయన ఉన్నారా అమ్మా అని అడిగాడు.

"లేరు బాబాయ్. ఉన్నా ఆయనకేం తెలియదు, ఈ మిషను గొడవ నాదే. ఇంత ఆలస్యమా?"

"నేనొచ్చిన పని..."

"తెలుసు. ముందిలా రండి."

ఈ రోజుల్లో ఇంకు పోసేవాళ్లకు కూడా వెయ్యి దండాలు పెట్టాల్సి వస్తోందని అత్తగారు వంటింట్లోంచి గొణిగింది.

పెద్దాయన కాసేపు నిలబడే ఉన్నాడు. పాడైన మిషనును చూశాక చేతులు ఊరుకోలేదు కాబోలు, కూర్చున్నాడు. కార్ట్రిడ్జి బయటికి తీసి చెవి దగ్గర ఊపాడు. గోటితో టేపు అంచు లేపాడు.

"దీనికి ఊపిరాడటం లేదమ్మా. గాలి బెజ్జం కూడా మూసేశారు. పైనుంచి గాలి పోతేనే కింద ఇంకు దిగుతుంది."

సూదితో బెజ్జం తెరిచాడు. వేడినీళ్లలో గుడ్డ ముంచి పిండి, కార్ట్రిడ్జి అడుగును పసిబిడ్డ మూతి తుడిచినట్టు దానికి అద్దాడు. గుడ్డ మీద నల్లటి చార పడింది.

ఇరవై నిమిషాలు పట్టింది. ఆమె ముప్పైసార్లు గడియారం చూసింది.

కాగితం నల్లగా, కుదురుగా బయటికొచ్చింది. పెద్దాయన దాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు దించడు.

"ఈ ఆఖరి లైను అమ్మా..."

"మళ్లీ గీతలా?"

"గీతలు కాదు. మాట."

"మాటలు వకీలుగారు చూసుకుంటారు బాబాయ్. మీరు ఇంకు చూడండి చాలు."

ప్రమాదాన్ని చూసిన సాక్షులెవరూ లేరు కనుక బాధితుడి మాటనే నమ్మి దయచూడాలని ఆ లైనులో ఉంది.

ఆయన ఏదో అనబోయి, కాగితం ఆమె చేతికిచ్చాడు. మిగతా రెండు కాపీలూ తనే మీట నొక్కి తీసిచ్చాడు.

ఆమె ఆటో ఎక్కుతుంటే వెనకాలే వీధిలోకి వచ్చాడు.

"నన్ను కూడా రమ్మంటారా అమ్మా?"

దారిలో ఎక్కడైనా దింపమంటున్నాడనుకుంది. తమ దారి వేరని, కూలి డబ్బులు సాయంత్రం వచ్చి తీసుకోమని చెప్పి వెళ్లిపోయింది.

అక్కడ ఆఫీసరు కాగితమంతా చదివి, ఆఖరి లైను కింద వేలు పెట్టాడు. చూసినవాళ్లు లేరని మీరే రాసిచ్చాక నేను చేసేదేముందన్నాడు. ఫైలు మూసేశాడు. ఇక తెరిచే దారి లేదని వకీలు మెట్ల మీద చెప్పాడు.

మొగుడూ పెళ్లాం ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. గుమ్మంలో ఒకతను సిరంజిల సంచీతో నిలబడి ఉన్నాడు. బండి చెడిపోయి పొద్దున రాలేకపోయానని, ప్రింటరు ఇప్పుడు చూడమంటారా అని అడిగాడు.

అక్కర్లేదని అతన్ని పంపించేశారు.

మరి పొద్దున వచ్చిందెవరని మొగుడు అడిగాడు. కంచాల్లో అన్నం వడ్డిస్తూ అత్తగారు చెప్పింది.

"ఎవరో ఏమో. ఇది వెళ్లాక చాలాసేపు మెట్ల మీదే కూర్చున్నాడురా. పోతూ పోతూ, రెండో మిషను వచ్చి వెళ్లాడని మీ అబ్బాయికి చెప్పమన్నాడు. మిషను వచ్చి వెళ్లాడేమిటి, మాట కూడా సరిగ్గా రాదు పాపం. ఒక్క మిషనుతోనే చస్తున్నాం, రెండోది మాకొద్దు నాయనా అన్నాను. ఎక్కడుంటాడో కూడా అడగలేదు."

మొగుడి ఎడమచెయ్యి అన్నం మీద ఆగిపోయింది.

ప్రెస్సులో ఎవరినీ పేరుపెట్టి పిలవరని, ఎవరు నడిపే మిషనుతో వాళ్లను పిలుస్తారని, పదకొండేళ్లు తను అక్కడ మొదటి మిషనునని మెల్లగా చెప్పాడు.

ఆ తర్వాత ముగ్గురూ తలెత్తకుండా అన్నం తిన్నారు. రెండేళ్లు వెతికిన ఆ ఒక్క సాక్షి చేతే, సాక్షి లేడన్న కాగితాన్ని అచ్చు వేయించుకున్నారు.