మూతిపట్టీ కింద రెండు వేళ్లు

"అమ్మాయ్, ఆ గుర్రం మూతిపట్టీ కింద రెండు వేళ్లు దూరుతాయేమో ఒక్కసారి చూడనిస్తావా?"

కంచె అవతల నిలబడి అడిగాడు పెద్దాయన. మెడలో అట్టముక్క వేలాడుతోంది. దాని మీద 'తల ఎత్తనివ్వండి' అని రాసి ఉంది.

వీబ్కెకి ఒళ్లు మండింది. పద్దెనిమిదేళ్ల పిల్ల. ఇంకో పావుగంటలో తన పేరు పిలుస్తారు. ఇవాళ మార్కులు బాగా పడితే రాష్ట్ర జట్టులో చోటు ఖాయం.

"నువ్వెప్పుడైనా గుర్రం ఎక్కావా తాతా?"

"లేదమ్మా."

"మరి నీకెందుకీ గొడవ?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ఆయన మాత్రం గుర్రం వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఆలర్ నది ఒడ్డు ఊళ్లలో ఎక్కడ గుర్రాల పోటీ జరిగినా ఆయన సైకిలేసుకుని దిగిపోయేవాడు. పేరు టీట్యెన్. అందరూ పిలిచేది మాత్రం 'రెండు వేళ్ల తాత' అని. చేతిలో, పట్టీలు వదులు చేయాలని కోరే సంతకాల కాగితం ఒకటి. దాని మీద సాసేజ్ తిన్న చేతుల ఆవగుజ్జు మరకలే తప్ప సంతకాలు ఉండేవి కావు.

ఎంత బాగుండేవో ఆ ఆదివారాలు! తెల్లారకముందే లేచి తన గుర్రం ఎల్స్టర్ జూలుకి చిన్న చిన్న జడలు అల్లేది వీబ్కె. అల్లుతుంటే అది మెడ మీద వెచ్చగా ఊపిరి వదిలేది. తడిగడ్డి వాసన, జీనుకి పట్టించిన నూనె వాసన, నాన్న ఫ్లాస్కులో కాఫీ. ఆ రోజులు ఒక్కటైనా వెనక్కొస్తే బాగుండునని ఇప్పటికీ అనుకుంటుంది.

ఆ బంగారంలాంటి రోజుల్లోనే స్వారీ నేర్పే ల్యూర్స్ మాస్టారి కేకలు కూడా ఉన్నాయి.

"గుర్రం గడ్డం దాని ఎదకి ఆనాలి! కళ్లెం ఇంకా లాగు!"

"నొప్పెడుతుందేమో సార్."

"నోట్లో నురగ చూడు. హాయిగా ఉందన్నమాట!"

నురగ కారితే గుర్రం సంతోషంగా ఉన్నట్టేనని ఆ చుట్టుపక్కల అందరి నమ్మకం. వీబ్కె కూడా నమ్మింది. పట్టీ ఇంకో రంధ్రం బిగించింది.

ఆ రోజు పోటీలో ఎల్స్టర్ ఉన్నట్టుండి ఓ మూల ఆగిపోయింది. చెవులు నిక్కించి పెద్దాయన నిలబడ్డ వైపే చూసింది. ఎంత అదిలించినా కదల్లేదు. జట్టులో చోటు వెంట్రుకవాసిలో పోయింది.

"ఆ ముసలాడే నీ గుర్రాన్ని చెడగొట్టాడు" అన్నాడు ల్యూర్స్.

వీబ్కె ఏడుస్తూనే క్లబ్బుకి ఫిర్యాదు రాసిచ్చింది. క్లబ్బువాళ్లకి కావలసిందీ అదే. ఆయన ఇక ఏ పోటీ దరిదాపులకీ రాకూడదన్నారు.

పెద్దాయన అట్టముక్క తీసి సైకిల్‌కి కట్టుకున్నాడు.

"సరేనమ్మా, ఇక రాను. ఇంటికెళ్లాక దాని మెడ కాసేపు కిందికి చాచుకోనివ్వు."

వీబ్కె మొహం తిప్పుకుంది.

మరుసటేడు జట్టులో చోటొచ్చింది. కప్పులూ వచ్చాయి. మూడో ఏడు ఎల్స్టర్ మెడ ఎముకలు పాడైపోయి, గడ్డి మేయడానికి తల వంచలేకపోయింది. డాక్టరు పెదవి విరిచాడు. బాధ లేకుండా ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇచ్చేముందు వీబ్కె దాని ముఖం నిమిరింది. పట్టీ ఉండేచోట ఎముక మీద గాడి పడి ఉంది. చేతివేలితో తడిమితే తెలిసింది.

వీబ్కె మళ్లీ గుర్రం ఎక్కలేదు. ఆ ఎండాకాలం నుంచే సంతకాల కాగితం పట్టుకుని కంచె దగ్గర తనే నిలబడింది. ఈసారి జనం తనని చూసి గొల్లుమన్నారు. ఒకటి కాదు, రెండు కాదు, ముప్పై ఏళ్లు తిరిగింది.

ఈ వసంతంలో క్లబ్బులన్నీ దిగొచ్చాయి. బరిలోకి దిగేముందు ప్రతి గుర్రం పట్టీ కిందా వేళ్లు దూర్చి చూడాల్సిందే. చూసే పని వీబ్కెదే.

ఇన్నాళ్లూ ఆ రెండు వేళ్ల తాత ముందుకెళ్లడానికి ముఖం చెల్లలేదు. ఇప్పుడు వెళ్లి ఈ మాట చెప్పాలి, క్షమించమని అడగాలి అనుకుంది. రేపూ ఎల్లుండీ అనుకుంటుండగానే పేపర్లో ఆయన చావుకబురు కనపడింది. తొంభై ఏళ్లట.

సమాధి దగ్గర పని ముగిశాక అందరికీ కాఫీ, వెన్న కేకు పెట్టారు. ఆయన చెల్లెలు గెసీనె కేకు ముక్క అందించింది.

"నువ్వెవరమ్మా?"

"వీబ్కెని. ఆయన్ని పోటీలకి రానివ్వకుండా చేసింది నేనే."

గెసీనె కోప్పడలేదు. పక్కన కుర్చీ చూపించింది.

"కూర్చో. నీ గురించి పేపర్లో ఏదొచ్చినా అన్నయ్య నాచేత చదివించుకునేవాడు."

వీబ్కెకి దుఃఖం ముంచుకొచ్చింది.

"గుర్రమే ఎక్కని మనిషికి ఎందుకమ్మా అంత పట్టుదల?"

"మా ఆయనకి ఒక ఆడగుర్రం ఉండేది. ఈనుతూ చచ్చిపోయింది. ఆ పిల్లని అన్నయ్యే నాలుగు నెలలు సీసాతో పాలు పట్టి బతికించాడు. గడ్డి పండని ఏడు వేలంలో అమ్మేయాల్సొచ్చింది. చెయ్యి కలిపి అమ్మాక, అమ్మిన ఇంట్లోవాళ్లు దాని గురించి నోరెత్తకూడదు. మన వైపు ఆనవాయితీ నీకు తెలియంది కాదుగా. ఆ ఒక్కదాని గురించి అడగలేక, గుర్రాలన్నిటి గురించీ అడిగాడు పిచ్చివాడు."

వీబ్కె చేతిలో కేకు ముక్క అలాగే ఉండిపోయింది.

"దాని పేరేంటమ్మా?"

గెసీనె కప్పులో కాఫీ పోస్తూ చెప్పింది.

"మేం బుజ్జిదనే పిలిచేవాళ్లం తల్లీ, మీ నాన్న కొనుక్కెళ్లాక నువ్వే ఎల్స్టర్ అని పెట్టుకున్నావు."