తారుమారైన మాట

ఆ వారం కూడా కార్టూనిస్టు బొమ్మ మీద ఎర్రసిరా పడింది.

బొమ్మలో మెడకి నీలిరుమాలు కట్టుకున్న బానపొట్ట భక్తుడొకడు పక్కవాడి వీపెక్కి కూర్చుని, "నా భారం నీదే" అని ప్రార్థిస్తున్నాడు. నీలిరుమాలు మతం వాళ్ళ మీద ఆ వారపత్రిక వేసే బొమ్మలకి జనం కడుపుబ్బ నవ్వుకునేవారు.

ఎర్రసిరా మాత్రం "నా"ని "నీ" చేసి, "నీ"ని "నా" చేసింది.

"ఏంటి మాస్టారూ ఇది? అక్షరాలు చూడమంటే జోకుని చంపేస్తున్నారు!"

ప్రూఫులు చూసే ముసలాయన్ని ఆఫీసంతా ఒత్తుల మాస్టారనేది. ఒక్క ఒత్తు పోయినా ఊరుకోడు. నడివేసవిలోనూ మెడదాకా బొత్తాలు పెట్టుకునే చాదస్తం మనిషి.

"వాళ్ళ ప్రార్థన అది కాదు బాబూ. తారుమారైంది," అన్నాడు మెల్లగా.

"అయితే ఏంటట? వాళ్ళొచ్చి కొడతారా?"

అందరూ గొల్లుమన్నారు. కార్టూనిస్టు ఆ దిద్దుబాటు చెరిపేశాడు.

అందరితోపాటు నవ్విన ఎడిటరే, ఇంకో మతం మీద గీసిన బొమ్మ చూసి నాలిక్కరుచుకున్నాడు.

"బాబ్బాబు, వాళ్ళ జోలికెళ్ళకు. వాళ్ళ మనసు నొచ్చుకుంటుంది."

"మరి నీలిరుమాలు వాళ్ళదో?"

"వాళ్ళు గొడవ చెయ్యరుగా!"

పక్కన పడేసిన ఆ బొమ్మ ఎలా కలిసిందో పేజీల్లో కలిసి అచ్చయిపోయింది.

మర్నాడు ఆఫీసు ముందు వందమంది. కిటికీ అద్దాలు భళ్ళుమన్నాయి.

"గీసినవాణ్ణి బయటికి పంపండి!"

కార్టూనిస్టు బల్ల కింద దూరాడు. ఇంట్లో మూడు నెలల పసిపిల్ల.

ఒత్తుల మాస్టారు కళ్ళజోడు తీసి సొరుగులో పెట్టి, బయటికి నడిచాడు.

"ఆ పేజీ చూసి పంపింది నేనే. తప్పు నాది. ఏం చేసినా నన్ను చెయ్యండి."

చేశారు. తల పగిలింది.

తప్పంతా ఆయనదేనని పత్రిక క్షమాపణ వేసుకుంది. ఆయన ఉద్యోగం పోయింది. కార్టూనిస్టు నోరు విప్పలేదు.

రేపు వెళ్ళి కాళ్ళ మీద పడదాం అనుకుంటూనే మూడు వారాలు గడిపేశాడు. ఆ మూడు వారాలూ నీలిరుమాలు భక్తుడి బొమ్మలు మామూలే. వాటి మీద ఎర్రసిరా మాత్రం లేదు.

నాలుగో వారం, మాస్టారు పోయాడని కబురొచ్చింది.

పరుగున వెళ్ళేసరికి శవాన్ని ఎత్తబోతున్నారు. నలుగురు మోకాళ్ళు వంచి, భుజాలు ఆనించి, ఒక్క గొంతుతో అన్నారు:

"నీ భారం నాదే."

కార్టూనిస్టు తన చేత్తో ఎన్నిసార్లు చెరిపేసిన మాట అది!

మాస్టారి మొహంలోకి చూసే ధైర్యం లేక మెడకేసి చూశాడు: ఎప్పుడూ పెట్టుకునే పై బొత్తాం ఆవేళ విప్పి ఉంది, లోపల ఉతికి ఉతికి వెలిసిపోయిన నీలిరుమాలు.