అడుగుల కాగితాలు

ఆదివారం పొద్దున మేడ మీది గది ఊడ్వబోయిన నర్సింహమ్మ చీపురు అక్కడే పడేసి దబదబా దిగి వచ్చింది.

"పెంటయ్యా, జల్దీ రా. పైన కిరాయికున్నోడు బాణామతి చేస్తున్నడు."

పెంటయ్య ఆమె మరిది. పక్క ఇల్లే. కర్దనూర్‌లో ఎవరికి ఏమైనా ముందు అతన్నే పిలుస్తారు. బోరు మోటారు విప్పుతున్నవాడు పటకారు చేత్తో పట్టుకునే మేడెక్కాడు.

గదిలో తాడు కట్టి ఉంది. దాని మీద పొడుగాటి తెల్ల కాగితాలు ఆరేసి ఉన్నాయి. కాగితాల నిండా నల్ల సిరాతో ఎలుక పాదాల గుర్తులు.

చివరి కాగితం మీద మాత్రం మనిషి పాదాలున్నాయి. పక్కన 'చంద్రకాంత్' అని రాసి ఉంది.

చంద్రకాంత్ నర్సింహమ్మకు ఒక్కగానొక్క కొడుకు. బ్యాగులు అంటించే షెడ్డులో రెండేళ్లు పని చేశాడు. ఆరు నెలలుగా మోకాళ్ల కింద స్పర్శ లేదు. కాలి చెప్పు ఊడిపోయినా తెలియదు. గోడ పట్టుకుంటే గాని నడవలేడు.

ఆమె తిరగని దవాఖాన లేదు. చివరికి మంత్రాలు చూసేవాడొకడు, "మీ ఇంట్లనే ఉన్నడు, నీ కొడుకు అడుగులు పట్టినోడు" అని చెప్పి పంపాడు.

ఇంట్లో పరాయివాడంటే మేడ మీది మధుబాబే. అరవై ఏళ్లుంటాయి. నాలుగు నెలల కింద కిరాయికి దిగాడు. మందులు పరీక్షించే ల్యాబుకు పోయి వస్తుంటాడు. ఒకరి జోలికి పోడు. ఊరికి అనుమానం రావడానికి అదొక్కటి చాలు.

ఇంటింటికీ స్మార్ట్‌ఫోన్ ఉన్న ఊరది. బాణామతి కబురు ఆ ఫోన్లలోనే పాకింది. పది నిమిషాల్లో వాకిట్లో నలభై మంది చేరారు.

మధుబాబు పాల ప్యాకెట్ పట్టుకుని గేటు తీశాడు.

"ఏందిర ఇది?" పెంటయ్య కాగితం తెచ్చి మొహానికి ఆనించాడు.

"ఎలుకలు నడిచిన కాగితమండీ. ల్యాబులో వాటి కాళ్లలో నరాలు చంపుతాం. కొన్నిటికి మందు ఇస్తాం. పాదాలు సిరాలో ముంచి నడిపిస్తాం. వేళ్లు విడివిడిగా పడితే నరం బతికినట్టు..."

"విన్నరా? కాళ్ల నరాలు సంపుతడంట. ఆడే చెప్తున్నడు."

అందరూ విన్నారు. ఆ తర్వాత ఆయన చెప్పింది ఒక్కరూ వినలేదు.

మొదటి దెబ్బ నర్సింహమ్మదే. గేటు పక్కనున్న కర్ర తీసి నెత్తి మీద కొట్టింది. ఆయన కింద పడ్డాక ఇక ఎవరి కాలు ఎక్కడ తగిలిందో లెక్క లేదు. పక్కటెముక విరిగిన చప్పుడు రోడ్డు దాకా వినబడింది. ఈడ్చుకుపోయి కరెంటు స్తంభానికి కట్టేశారు.

పళ్లు ఊడగొడితే మంత్రం పారదని ఆ వైపు నమ్మకం.

"ఇగ ఎట్ల సదువుతడో సూస్త," అంటూ పెంటయ్య పటకారుతో ముందు పళ్లు రెండు పీకాడు. మూడోది విరిగింది.

ఒక్కరూ అడ్డు రాలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కొందరు వీడియోలు కూడా తీశారు.

లోపలి నుంచి చంద్రకాంత్ గొంతు వినిపించింది.

"అమ్మా, కొట్టకుండ్రి. ఆయన అడిగితే నేనే నడిచిన."

గోడ పట్టుకుని లేచాడు. గడప దగ్గర కాలు మడత పడి బోర్లా పడ్డాడు. మోచేతులతో పాకాడు. మోకాళ్లు చీరుకుపోయి రక్తం కారుతున్నా అతనికి తెలియలేదు. వాకిలి దాటేసరికి కాగితాలు మంటల్లో ఉన్నాయి. మధుబాబు తల ఛాతీ మీదికి వాలిపోయింది.

"అమ్మా, ఆ సారు నాకు..."

"నువ్వు మాట్లాడకు బిడ్డా. గాడే నీతోని గట్ల పలికిస్తున్నడు," అని నర్సింహమ్మ కొడుకు నోరు మూసింది.

మధుబాబు మూడో రోజు ఆసుపత్రిలో ప్రాణం వదిలాడు. వీడియోలు చూసి పెంటయ్యతో పాటు తొమ్మిది మందిని పోలీసులు పట్టుకుపోయారు. నర్సింహమ్మ కొట్టిన దెబ్బ ఏ వీడియోలోనూ లేదు. అప్పటికింకా ఎవరూ ఫోన్లు బయటికి తీయలేదు.

పదో రోజు ల్యాబు నుంచి మహిత అనే అమ్మాయి వచ్చింది.

"అమ్మా, సార్ దగ్గర మా కాగితాలు కొన్ని ఉండాలె. ఎలుకల అడుగులవి."

"కాల్చినం."

మహిత మెట్టు మీద కూలబడింది.

"మందు పని చేస్తుందమ్మా. నరం పూర్తిగా చావకముందు ఇస్తే ఎలుకలు మంచిగ నడుస్తున్నయి. ఆ కాగితాలు చూపిస్తే మనుషులకు ఇచ్చి చూసేటందుకు పర్మిషన్ అడగొచ్చు. ముందు మీ చంద్రకాంత్‌కే ఇప్పియ్యాలని సార్ అతని పేరు రాసిపెట్టిండు."

నర్సింహమ్మ వెనక్కి తిరిగి, మంచం మీద కాళ్లు చాపి కూర్చున్న కొడుకును చూసింది.

"మల్ల చెయ్యుండ్రి బిడ్డా. ఎన్ని దినాలైనా ఆగుతం."

"చేయించేటోళ్లు లేరమ్మా. మా కంపెనీకి ఈ మందు అక్కర లేదు. సారే ఇల్లు అమ్ముకుని మాతోని చేయించిండు."

"ఇల్లు అమ్ముకున్నడా? మాకేం సుట్టం గాదు, మా ఊరు గాదు. గాయనకేం పట్టింది?"

మహిత తల దించుకుంది.

"చంద్రకాంత్ షెడ్డుల బ్యాగులంటించిన గమ్ము ఇదివరకటి నౌకరీల తయారు చేసింది సారేనమ్మా. దాంతోని పనోళ్ల కాళ్లు పోతున్నయని తెలిసినంక, కాళ్లు పోయినోళ్ల ఇల్లు వెతుక్కుంటొచ్చి మీ మేడ మీద కిరాయికి దిగిండు."