సన్నటి శబ్దం

"మీ ట్వీటర్లు బెజవాడ నించి వచ్చేశాయండీ. కారు తెచ్చేయండి!"

కార్లకి స్పీకర్లు బిగించే ఏడుకొండలు ఫోన్లో ఆ మాట అనగానే యశస్విని కుర్చీలోంచి ఎగిరి లేచింది. పెళ్ళై మూడు నెలలు. కారు కొని మూడు వారాలు. కారుతో పాటు వచ్చిన స్పీకర్లలో ఎవరు పాడినా ముసుగుతన్ని పడుకుని పాడుతున్నట్టే ఉందని ఆమె గోల.

"మామూలు స్పీకర్లలో పలకని సన్నటి శబ్దాలన్నీ ఈ బుల్లి స్పీకర్లలో పలుకుతాయట," అన్నాడు జయంత్.

"ఏంటీ?"

"రెండుసార్లు చెప్పాను."

"మీరు చెప్పరండీ, గొణుగుతారు!" అని మొగుణ్ణి వెక్కిరించింది.

మంగళవారం పొద్దున్నే గుడివాడలో ఏడుకొండలు షాపు దగ్గర కారు వదిలారు. మూడింటికి మళ్ళీ వెళ్తే అతను భోజనానికి వెళ్ళాడు. అతని తల్లి వెంకటరత్నమ్మ తాళాలు తీసింది.

"బిగించేశాడమ్మా. కాసేపు కూర్చోండి, మావాడు వచ్చేస్తాడు."

"మంగినపూడి వెళ్ళాలి పిన్నిగారూ. పొద్దుగూకితే సముద్రం కనపడదు."

తాళాలు అందుకుని బయల్దేరారు.

అద్దాల మూలల్లో ట్వీటర్లు రెండు నల్ల బొత్తాల్లా ఉన్నాయి. యశస్విని వాటిని వేలితో నిమిరి పాట పెట్టింది.

"అబ్బ, ఎంత తేటగా ఉందో!"

"నాకేం తేడా తెలియట్లేదే."

కౌతరం దాటాక పాట ఆపేసింది.

"ఇప్పుడు వినండి. సన్నగా, కీచురాయిలా... కీ అంటోంది."

జయంత్ కారు పక్కకి తీసి, ట్వీటరుకి చెవి ఆనించాడు.

"ఏం లేదు యశూ."

"సరిగ్గా వినండి."

"నిజంగా ఏమీ లేదు."

ఆమె నవ్వు ఆగిపోయింది.

మావగారు శోభనాద్రి నలభై ఏళ్ళు రైసు మిల్లులో పనిచేశారు. ఇప్పుడాయనకి ఏం చెప్పాలన్నా అరవాలి. "ముందు పిచ్చుకల అరుపు పోయిందమ్మా. తర్వాత మనుషుల మాట," అని ఒకసారి తనే చెప్పారు. అదే మిల్లుని ఇప్పుడు జయంత్ చూసుకుంటున్నాడు. పొద్దుటి నించి సాయంత్రం దాకా ఆ మరల రొద మధ్యనే.

యశస్విని మళ్ళీ పాట పెట్టి సౌండు పెంచింది. ఇంకా పెంచింది.

"తగ్గించు తల్లీ, చెవులు పోతాయి!" అన్నాడు జయంత్ నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. పెడన, బందరు దాటేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్ళకే మొదలైందా? రేపు పిల్లలు పుడితే, వాళ్ళ ముద్దుమాటలు ఈయనకి వినపడతాయా?

మంగినపూడిలో అలలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ హోరులో కూడా ఆ 'కీ' ఆమె చెవుల్లోంచి పోలేదు. పాడు శబ్దం, ఎంత పట్టుకుందో అనుకుంది.

జయంత్ మొక్కజొన్న పొత్తులు కొనడానికి వెళ్ళాడు. ఆమె గబగబా కార్లో కూర్చుని, అద్దాలెక్కించి, తన సెల్‌ఫోన్ తీసింది.

"ఏడుకొండలు గారూ, ఆ ట్వీటర్ల శబ్దం ఇంకాస్త పెంచడానికి వీలవుతుందా? నాకు బాగానే వినపడుతోంది. మా వారికే..." జయంత్ వస్తున్నాడేమోనని అద్దంలోంచి బయటికి చూసింది. "మా వారికి వినపడట్లేదండీ. నేనడిగానని ఆయనకి చెప్పకండి."



"అవి ఇంకా మూగవేనమ్మా, మంగళవారం కొత్త మోత మొదలెట్టకూడదని వైర్లు కలపలేదు, రేప్పొద్దున్నే రండి, దేవుడి పాట పెట్టి మొదలెడదాం."