ఐదు వందల సార్లు

"నాలుగొందల పది దాటింది అక్కా! ఇంకా చెక్కుచెదరలేదు" అంది చిన్నకోడలు, తెర మీద అంకె చూపిస్తూ.

పెద్దకోడలు పెదవులతోనే నవ్వింది.

తోడికోడళ్లిద్దరిదీ ఒకటే ప్రయోగశాల. పొగలోని కార్బన్ డయాక్సైడును పట్టుకునే గుళికలు తయారు చెయ్యడం వాళ్ల పని. గుళిక వాయువును పీల్చుకోవాలి, వేడి చేస్తే వదిలెయ్యాలి, చల్లారాక మళ్లీ పీల్చుకోవాలి. అలా ఐదు వందల సార్లు తట్టుకుంటేనే ఫ్యాక్టరీకి పంపుతారు. పరీక్షించే గొట్టం ఒక్కటే. పన్నెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్న పెద్దకోడలి గుళికలను డైరెక్టరు ముట్టుకోనైనా లేదు. "ఇవి వంద సార్లు కూడా నిలవవు మేడం" అని పక్కన పెట్టేశాడు. నిన్నగాక మొన్న, అదీ తన సిఫార్సుతో చేరిన చిన్నదానికి గొట్టం దక్కింది.

ఇంట్లోనూ అదే గోల. భోజనాల దగ్గర మామగారు "ఇవాళ ఎంతకొచ్చిందమ్మా?" అని చిన్నకోడలినే అడుగుతారు. పన్నెండేళ్లలో తనను ఒక్కసారైనా అడిగారా?

"పద అక్కా, భోంచేద్దాం."

"నువ్వెళ్లు. వస్తా."

గది ఖాళీ అయింది. పెద్దకోడలు అటూ ఇటూ చూసి హీటరు మీట పట్టుకుంది. నూటపది మీదున్న వేడిని నూట అరవైకి తిప్పింది. గంటయ్యాక మళ్లీ వెనక్కి తిప్పింది.

సాయంత్రానికి గుళికలు పీల్చుకునే వాయువు సగానికి పడిపోయింది. గొట్టం విప్పితే గుళికలు మాడి ముదురు గోధుమరంగులో ఉన్నాయి. "ఈ రకం ఇక వద్దు. రేపు గొట్టం వేరేవాళ్లకి ఇచ్చేయండి" అని డైరెక్టరు వెళ్లిపోయాడు.

చిన్నకోడలు కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పెద్దకోడలికి గుండెల మీంచి బండ దించినట్టయింది. దగ్గరకెళ్లి వీపు నిమిరింది.

"ఊరుకోవే. గుళికలేగా, మళ్లీ చేసుకోవచ్చులే."

"అవి నావైతే ఇంత ఏడుపెందుకు అక్కా? నావి మూడో రోజుకే పొడైపోయాయి."

"మరి ఇన్నాళ్లూ గొట్టంలో ఉన్నవి?"

"చెబితే డైరెక్టరు ఆపించేస్తాడని నా పేరు మీదే నడిపించా. ఐదొందలు దాటాక అందరి ముందూ నిజం చెబుదామనుకున్నా."

"ఎవరివే అవి?"

చిన్నకోడలు తలెత్తింది.

"నీవే అక్కా."